కాయ ఎవరి చేతిలో

వెనక వారం పత్రిక మీ చేతికందక ముందే పక్కింటివాళ్లు పట్టుకుపోయి ఉంటే, మీ కోసం నాలుగు ముక్కలు. రుషికొండ వెనక గుట్టవాలులో కడుతున్న ఆడపిల్లల హాస్టలుకి సత్యశ్రీ కొత్తగా సైట్ ఇన్‌చార్జి అయింది. ఎలమంచిలి పక్క పల్లెలో చెరకు పండించే ఇంట్లో పుట్టి, పన్నెండేళ్లు సిమెంటు దుమ్ములో తిరిగి, మొదటిసారి ఒక సైటు మొత్తం తన చేతికొచ్చిందని ఆమె సంబరపడింది. ఆ సంబరం ఆదివారం సాయంత్రం దాకానే. సెంట్రింగ్ మేస్త్రి అర్జునరావు పాత ఇన్‌చార్జి తిట్టిన తిట్లకి కోపం కొత్త ఇన్‌చార్జి మీద తీర్చుకుని, తన మనుషులందరితో చెప్పాపెట్టకుండా వేరే సైటుకి వెళ్లిపోయాడు. తడి కాంక్రీటును మోసే పలకలు బిగించడం, వాటి కింద ఇనప జాకీలు నిలబెట్టడం సెంట్రింగ్ వాళ్ల పని. వాళ్లు లేకపోతే స్లాబు లేదు. మొదటి స్లాబు శుక్రవారం పడి తీరాలని ప్రాజెక్టు మేనేజరు వీరేంద్ర గడువు పెట్టాడు. పడకపోతే శనివారం నీ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారని కూడా చెప్పాడు, నవ్వుతూనే.

సోమవారం తొమ్మిది కాకుండానే గురువులు అనే లేబర్ కాంట్రాక్టరు రేకుల షెడ్డు ఆఫీసులోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, రెండు చేతుల్లో రెండు ఫోన్లు. వీరేంద్ర పంపగా వచ్చినవాడు కాబట్టి పని అడగడానికి వచ్చినట్టు లేడు, అప్పుడే చేరిపోయినట్టు ఉన్నాడు.

“రేపు పొద్దున్నకి అరవై మందిని దింపెత్తాను మేడమ్. మీరు ఊఁ అనడవే తరవాయి.”

సత్యశ్రీ నోటు పుస్తకం తెరిచి పెన్ను తీసింది. “పేర్లు చెప్పండి.”

“పేర్లెందుకు మేడమ్? అరవై తలకాయలు. ఒక్కటి తగ్గితే నన్నడగండి.”

“అరవై వద్దు. ఆరు చెప్పండి చాలు. జాకీలు చూసేదెవరు? ఎత్తు మీద ఎవరు నిలబడతారు?”

గురువులు ఆ పేర్లు ఫోనులో ఉన్నాయేమోనన్నట్టు ఒకసారి దాని వంక చూసుకున్నాడు. “అయన్నీ నా కింద ఒకడున్నాడు, ఆడు సూసుకుంతాడు మేడమ్. మీకు పని గావాలా, పేర్లు గావాలా?”

ఆమె పుస్తకం మూసేసింది. ఆరు పేర్లు చెప్పలేనివాడికి, పైనుంచి ఎవరైనా జారితే ఏ ఇంటికి కబురు పెట్టాలో తెలుస్తుందా? గురువుల్ని మర్యాదగానే పంపించింది. అతను గేటు దాటకముందే వీరేంద్ర నుంచి ఫోను వచ్చింది.

“సత్యశ్రీ, నువ్వు లేబర్ని చూస్తున్నావా, పెళ్లి సంబంధం చూస్తున్నావా? పేర్లేంటి, గోత్రం కూడా అడక్కపోయావా?”

“శుక్రవారానికి మనుషులుంటారు సార్,” అంది. ఎక్కణ్నుంచి ఉంటారో ఆ క్షణాన ఆమెకే తెలియదు.

సామాన్ల గది చూసుకునే అప్పలసూరి ఆమె ఊరికి పక్క ఊరివాడు. ఆ వరసన ఆమె బాబాయ్ అంటుంది. అతను టీ గ్లాసు బల్ల మీద పెట్టి, పోకుండా అక్కడే నిలబడ్డాడు.

“ఒకడున్నాడమ్మాయ్. సెప్పొచ్చో సెప్పకూడదో తెల్దు. పైడయ్యని. ఆడి సేతిపని సూత్తే సూత్తానే ఉండాల. గానీ...”

“గానీ ఏటి బాబాయ్?”

“సలాబు మజ్జిలో దిగిపోనాడమ్మా. కాయ కొట్టీసినాక.”

ఈ మాట బరువు సైట్ల మీద తిరగనివాళ్లకి తెలియదు. స్లాబు పోసే రోజు పలకల మీద ఓ మూల పసుపు రాసి, అగరొత్తులు గుచ్చి, కొబ్బరికాయ కొడతారు. ఓనరు గానీ పెద్ద ఇంజినీరు గానీ కొట్టాలి. కాయ పగిలిందా, పంపు మోగుతుంది, కాంక్రీటు పడుతుంది, ఇక ఆఖరి మూల దాకా ఆగడమన్నది లేదు. సగంలో ఆపితే అతుకు పడి స్లాబు చెడుతుందన్నది ఒక భయం. కొట్టిన కాయ దండగైతే ఆ కట్టడానికి మంచిది కాదన్నది రెండో భయం. మొదటి భయాన్ని ఇంజినీర్లు మోస్తారు, రెండోదాన్ని అందరూ మోస్తారు. అందుకే కాయ కొట్టాక కళ్లముందు తప్పు కనబడినా నోరు విప్పేవాడు ఉండడు. అలాంటిది మనుషుల్నే దింపుకుపోయినవాణ్ని మళ్లీ ఎవరు పిలుస్తారు?

“ఎందుకు దిగాడట?” అంది సత్యశ్రీ.

“ఎవులడిగినారమ్మా? దిగిపోనాడంతే. ఆరేళ్లయింది. ఇప్పుడు పూర్ణా మార్కెట్టులో కొట్లకి రేకులు కట్టుకుంతన్నాడు.”

పదకొండు గంటలకి ఆమె పూర్ణా మార్కెట్టులో ఉంది. ఉల్లిపాయల బస్తాల వరసలో ఒక కొట్టు ముందు నిచ్చెన వేసి ఉంది. దాని మీద యాభై దాటిన మనిషి రేకుకి తీగ చుడుతున్నాడు. కింద అతని భార్య ఈశ్వరి రెండు చేతులా నిచ్చెన పట్టుకుని, పక్కన ఆగిన బండివాణ్ని అవతలికి పొమ్మని కసురుతోంది. సత్యశ్రీ మాట్లాడకుండా కాసేపు చూసింది. నిచ్చెన ఒక కాలు పల్లంలో ఉందని దాని కింద చదును చేసిన చెక్కముక్క పెట్టి ఉంది. చెక్క జరగకుండా మేకు కూడా కొట్టాడు. పది నిమిషాల పనికి అంత ఓపిక పట్టినవాడు స్లాబు మధ్యలో ఊరికే దిగిపోయాడంటే ఆమెకి నమ్మబుద్ధి కాలేదు.

“పైడయ్య గారూ, సెంట్రింగుకి మనుషులు కావాలి. మీ దగ్గర ఎంతమంది ఉంటారు?”

అతను కిందకి చూడలేదు. “ముత్యాలుంది. అది పలక పట్టిందంటే సందు ఉండదు. అసిరయ్యున్నాడు. ఆడికి ఎడం సెవి ఇనబడదు, పంపు పక్కన పెట్టకూడదు. సన్నాసికి ఎత్తు మీద కళ్లు తిరుగుతాయి, సెప్పుకోడానికి ఆడికి సిగ్గు. మనవే సూసుకుని కింద పని సెప్పాల.” అలా ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ పోయాడు. ఆమె ఎంతమంది అని అడిగింది, అతను ఎవరెవరో చెబుతున్నాడు. లెక్కపెడితే ఇరవై అయ్యారు.

సత్యశ్రీకి ప్రాణం లేచివచ్చింది. ఉన్న ఒక్క ప్రశ్నా అడిగేసింది. “ఆ రోజు ఎందుకు దిగారు?”

తీగ చుట్టే చెయ్యి ఆగింది. ఈశ్వరి తలెత్తి మొగుడి మొహం చూసింది.

“ఇన్నేళ్లకి అడిగినావు, సెప్తాను,” అన్నాడు పైడయ్య. “మధురవాడ దాటినాక ఓ అపార్టుమెంటు. మట్టి నింపీసి, సరీగ్గా దిమ్మిస కొట్టకుండా దాని మీదే జాకీలు నిలబెట్టమన్నారు. ముందు రోజు వోన. పొద్దున్న కిందకెల్లి సూత్తే జాకీలు దిగబడతన్నాయి. సెప్పినాను. కాయ కొట్టీసినాక ఇప్పుడేటి సెప్తన్నావు, నీకు పని రాదా అన్నారు. పైన నా మనుసులు ఇరవైరెండు మంది. దింపీసినాను.”

“తర్వాత?”

“తర్వాతేటి? ఏరే మనుసుల్ని తెచ్చుకున్నారు. సలాబు నిలబడిపోనాది.” పైడయ్య నవ్వాడు. “పడిపోతే నాను మొనగాణ్నయిపోదును. నిలబడిపోనాది గాబట్టి పిరికోణ్నయిపోనాను.”

ఇవన్నీ సత్యశ్రీకి తెలిసినవే. మధురవాడ, వాన, నింపిన మట్టి. అతను చెప్పుకుపోతున్నాడు.

“ఎలగ నిలబడిందో నాకు తెల్సు. రోడ్డవతల టీ కొట్టుకాడ నిలబడి సూసినాను. బక్కపల్చటి ఇంజినీరమ్మ ఒకర్తి సలాబు కిందకి పాకింది. ఒళ్లంతా బురద. బయటికొచ్చి పరుగున ఎల్లి సరుగుడు బాదులు తెప్పించి, ఒక్కో జాకీ పక్కన కుక్కించింది. ఆయమ్మ సూసింది. ఆయమ్మకి తెల్సు. మరి పైవోళ్లకి ఏటి రాసిందో, నాను ఒట్టినే దిగిపోనానని ఊరంతా అయిపోనాది.”

ఏం రాసిందో సత్యశ్రీకి అక్షరం అక్షరం గుర్తుంది. ఆ సాయంత్రం మేనేజరు కాగితం ముందు పెట్టి, “కింద ఏముంది?” అని అడిగాడు. ఆ అడగడంలోనే జవాబు ఉంది. “ఏమీ లేదు సార్,” అంది ఆమె. “అదే రాయి,” అన్నాడాయన. సెంట్రింగులో లోపం లేదు, మేస్త్రి అకారణంగా పని విడిచి వెళ్లాడు అని రాసి సంతకం పెట్టింది. ఆ స్లాబు నిలబెట్టిన పిల్లగా ఆమెకి పేరొచ్చింది. అక్కడి నుంచే మెట్లు ఎక్కడం మొదలైంది. ఆ మేనేజరు వీరేంద్ర.

ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు. ఇతను ఆమెని పోల్చుకోలేదు, ఆరేళ్లలో మనిషి ఒళ్లు చేసింది. ఇరవై మంది రేపు పొద్దున్నకి దిగుతారు, శుక్రవారం స్లాబు పడుతుంది, కుర్చీ నిలబడుతుంది. మాట్లాడకుండా ఉండటం ఆమెకి కొత్తేమీ కాదు. కానీ అదే నోటితో ఈ పొద్దున్న గురువుల్ని పేర్లు అడిగిందే! తను రాసిన కాగితంలో ఈ మనిషి పేరైనా లేదు. ఆమెకి సిగ్గేసింది. సిగ్గుతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“ఆ ఇంజినీరమ్మ నానే,” అంది. పట్నం భాష ఎక్కడికి పోయిందో, అమ్మ దగ్గర మాట్లాడే భాష వచ్చేసింది.

ఈశ్వరికి ఒక్క క్షణం పట్టింది అర్థం కావడానికి. ఆ తర్వాత ఆపడం ఎవరితరమూ కాలేదు.

“నువ్వా! నువ్వటే తల్లీ! ఆరేళ్ల నుంచి ఈయన్ని దిగిపోనోడు, దిగిపోనోడని పిలుత్తన్నారు. ఈ కొట్టోడూ అలగే పిలుత్తాడు. నా కోడలు కాపురానికొచ్చి, మాఁవ ఏటి సేసినాడత్తా అని నన్నడిగింది. నానేటి సెప్పాల? సెప్పు, ఏటి సెప్పాల? పని ఎవులైనా తీసీగల్రు. మనిసి పేరు తీసీడానికి నీకు సేతులెలాగొచ్చినాయి?”

అరుస్తూనే ఉంది, ఏడుస్తూనే ఉంది, కానీ నిచ్చెన పట్టుకున్న చేతులు మాత్రం వదల్లేదు. పైన మొగుడు ఉన్నాడు.

పైడయ్య మిగిలిన తీగ చుట్టి, ముడి వేసి, రేకు ఊపి చూసుకున్నాడు. ఆ తర్వాత నింపాదిగా దిగి, తుండుతో చేతులు తుడుచుకున్నాడు.

“ఆ కాయితంలో నా పేరు రాసినావా?”

“లేదు. మేస్త్రి అని రాశాను. మీ పేరు నాకు తెలియదు.”

“నన్నడగనేదు గావాల.”

“అడగలేదు.”

బస్తాలు దింపేవాళ్లు ఇద్దరి మధ్య నుంచే తోసుకుంటూ పోయారు. సత్యశ్రీ కదల్లేదు. తిడితే పడదామనుకుంది, పొమ్మంటే పోదామనుకుంది. అతను ఆ రెండూ చెయ్యలేదు.

“నువ్వు నన్ను పన్లో పెట్టుకోడానికొచ్చినావు,” అన్నాడు చివరికి. “నిన్ను ఇంజినీరుగా పెట్టుకోవాలా వొద్దా అని నానూ సూత్తన్నాను. సెప్పకపోతే నాకు తెల్సీది కాదు. సెప్పినావు. దానికి ఓ మార్కు ఏసినాను. అయితే రెండున్నాయి. ఒకటి, ఆ కాయితం తిరగరాయాల. ఈసారి నా పేరెట్టి.”

“రాస్తాను.”

“రెండోది, సలాబు రోజు కాయ నా సేతిలో ఉండాల. నానూ నువ్వూ కింద సూసుకొచ్చినాక, నాను ఇత్తేనే ఎవులైనా కొట్టాల. ఆపీ అధికారం నీకుంది పైడయ్యా అని మాటిత్తారు అందరూ. మాట ఎవులికి కనబడద్ది? కాయైతే అందరికీ కనబడద్ది.”

అతను అడిగినది ఎంత పెద్దదో ఆమెకి తెలుసు. కాయ ఓనరు తరఫున మేనేజరు కొడతాడు. అది మేస్త్రి చేతిలో పెట్టమనడమంటే ఆ రోజుకి సైటు అతని చేతిలో పెట్టడమే. ఇంతమందిని పనిలోకి తీసుకుంది గానీ, నన్ను నమ్మి ఏం ఇస్తావు అని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

“ఉంటుంది,” అంది సత్యశ్రీ.

“ఈయన రమ్మన్నా నాను రాను,” అంది ఈశ్వరి కళ్లు తుడుచుకుంటూ. మర్నాడు పొద్దున్న ఆరున్నరకి అందరికంటే ముందు సైటు గేటు దగ్గర ఉన్నది ఆవిడే.

మంగళవారం సత్యశ్రీ కాగితం తిరగరాసింది. పైడయ్య పేరు, ఊరు, ఆ రోజు జాకీ ఎంత దిగిందీ, తను ఏం చూసిందీ, ఏం దాచిందీ, అన్నీ. ఒకటి హెడ్డాఫీసుకి పంపి, ఒకటి స్వయంగా తీసుకెళ్లి వీరేంద్రకి ఇచ్చింది. ఆయన రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

“స్లాబు పడనీ. తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం,” అన్నాడు. ఈసారి నవ్వలేదు.

ఆ మూడు రోజులూ సైటు మీద పని పరుగెత్తింది. పొద్దున్నే టీ తాగేటప్పుడు సత్యశ్రీ కొత్త పద్ధతి ఒకటి పెట్టింది. సైటులో కంటపడిన తప్పు ఒక్కటి, ఎవరైనా సరే, ఎవరి మీదైనా సరే, చెప్పాలి. చెప్పినవాళ్లని ఎవరూ ఏమీ అనకూడదు. మొదటిరోజు అందరూ టీ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. అధికారి తప్పులు చెప్పమంటే ఎవరు చెబుతారు, తర్వాత పని పోగొట్టుకోడానికా? ఆఖరికి ఈశ్వరి గొంతు సవరించుకుంది.

“ఆవిడ హెల్మెట్టుకి గెడ్డం కింద పట్టీ నేదు. మనకి మాత్రం గేటుకాడే సెప్పినాది.”

సత్యశ్రీ హెల్మెట్టు తీసి చూసుకుంది. నిజమే, పట్టీ ఊడిపోయింది. “బాబాయ్, నాకు వేరే హెల్మెట్టు ఇయ్యి,” అని అప్పలసూరికి చెప్పి, ఈశ్వరి మాట పుస్తకంలో పేరుతో సహా రాసింది. రెండో రోజు అయిదుగురు మాట్లాడారు. మూడో రోజు సన్నాసి లేచి, తనకి ఎత్తు మీద కళ్లు తిరుగుతాయని తనే చెప్పాడు. పైడయ్య తల తిప్పుకుని తుండుతో మొహం తుడుచుకున్నాడు.

గురువారం సాయంత్రానికి పలకలన్నీ బిగిశాయి, ఇనుము కట్టడం పూర్తయింది. చీకటి పడ్డాక వాన మొదలైంది. గుట్ట మీద నుంచి ఎర్రనీళ్లు సైటులోకి దిగాయి.

శుక్రవారం ఏడింటికి వాన లేదు. గేటు బయట కాంక్రీటు లారీలు అయిదు వరసగా నిలబడి డ్రమ్ములు తిప్పుకుంటున్నాయి. పంపు గొట్టం పైకి లాగి సిద్ధంగా పెట్టారు. వీరేంద్ర తెల్ల కారు దిగి, చెప్పులు విప్పి, మెట్లెక్కి వచ్చాడు. పళ్లెంలో పసుపు రాసిన కాయ ఉంది. ఆయన చెయ్యి చాపేలోపు సత్యశ్రీ దాన్ని తీసి పైడయ్య చేతిలో పెట్టింది.

“ఇదేంటి?” అన్నాడు వీరేంద్ర.

“మేస్త్రి కింద చూసి వచ్చాక కొడదాం సార్. అయిదు నిమిషాలు.”

పలకల మీదున్న వాళ్లందరూ అది చూశారు. పంపు ఆపరేటరు చూశాడు, లారీ డ్రైవర్లు చూశారు. పైడయ్య కాయని కళ్లకద్దుకుని, తుండులో కట్టుకుని, స్లాబు కిందకి వెళ్లాడు. అయిదు నిమిషాలు పదయ్యాయి. ఈశ్వరి మెట్ల దగ్గరికి వచ్చి, “ఇంజినీరమ్మా, నిన్ను రమ్మంతన్నాడు,” అంది.

కింద మసక వెలుతురు. వరసలు వరసలుగా జాకీలు. గుట్టవైపు మూల పైడయ్య మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. రాత్రి వచ్చిన నీళ్లు ఆ మూల నింపిన మట్టిని కిందనుంచి కోసుకుపోయాయి. పైకి చూస్తే జాకీలు నిలువుగానే ఉన్నాయి. ఆమె ఒకదాన్ని పట్టుకుని కదిపింది. టన్నుల బరువు మొయ్యాల్సిన జాకీ చంటిపిల్ల చెయ్యిలా తేలిగ్గా వచ్చేసింది. దాని కింద పలక గాల్లో ఉంది.

“ఇలాంటివి ఎన్ని?”

“పదకొండు. బురద తీసి, రాళ్లు కుక్కి, పలక మీద పలకేసి మళ్లీ బిగించాల. సాయంత్రం దాకా పట్టద్ది. సలాబు రేపే.” అతను తుండు విప్పి కాయ చూపించాడు. “నాను ఇవ్వను. ఇవ్వనని నీకూ తెల్సు. గానీ పైకెల్లి సెప్పాల్సింది నువ్వే. మేస్త్రి సెప్తే ఎలగుంతాదో ఒకపాలి సూసీసినాను.”

లారీలు వెనక్కి పోతాయి. అందులో కాంక్రీటు పారబొయ్యాలి. గడువు దాటుతుంది. రేపటికి ఆ కుర్చీలో తను ఉండదు. ఇవన్నీ ఆమె మెట్లెక్కుతూ అనుకుంది. ఆఖరి మెట్టు మీద వీరేంద్ర నిలబడి ఉన్నాడు.

“కింద ఏముంది?”

అవే రెండు మాటలు, అదే గొంతు. ఆరేళ్ల కిందట ఎలా అడిగాడో ఇప్పుడూ అలాగే అడిగాడు.

“పదకొండు జాకీలు గాల్లో ఉన్నాయి సార్,” అంది సత్యశ్రీ, చివర నిలబడ్డ అసిరయ్యకి కూడా వినబడేంత గట్టిగా. “ఇవాళ స్లాబు పడదు. అందరూ కిందకి దిగండి.”

అందరూ దిగారు. హడావుడి లేదు, ఒకరి వెనక ఒకరు, పేరు పిలిచినట్టు. వీరేంద్ర వాళ్లనే చూస్తూ నిలబడ్డాడు. అయిదు లారీల కాంక్రీటు ఎండెక్కేలోపు గట్టిపడిపోతుంది, హెడ్డాఫీసులో ఈ మంగళవారం నుంచే ఆయన్ని ఏవేవో అడుగుతున్నారు. ఇవాళ ఆగిందంటే మధురవాడలో ఆ రోజు కూడా ఆగాల్సిందేనని ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆయన గేటు వైపు తిరిగి చెయ్యి ఊపాడు.

లారీల వెనక నుంచి రెండు వ్యానులు లోపలికి వచ్చాయి. ముందు వ్యాను లోంచి ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా దిగింది. గురువులు. వెనక అరవై మంది. వాళ్లకి ఇది ఏ సైటో, కింద ఏముందో ఎవరూ చెప్పినట్టు లేదు. గురువులు చేతిలో కూడా కాయ ఉంది, పసుపు రాసిందే.

“సత్యశ్రీ, నువ్వు ఇంటికి వెళ్లొచ్చు,” అన్నాడు వీరేంద్ర. “గురువులూ, మనుషుల్ని పైకెక్కించు.”

సత్యశ్రీ అరవలేదు, బతిమాలలేదు. “బాబాయ్,” అని పిలిచింది. “ఆఫీసులో నా కుర్చీ పట్రా.”

అప్పలసూరి ఏమీ అడక్కుండా తెచ్చాడు. నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ, ఒక చెయ్యి కొద్దిగా విరిగింది. ఆమె దాన్ని తనే మోసుకుని స్లాబు కిందకి నడిచింది. గుట్టవైపు మూల, గాల్లో వేలాడే జాకీల మధ్య, బురదలో కుర్చీ వేసి కూర్చుంది. హెల్మెట్టు పట్టీ బిగించుకుంది.

“శనివారం దాకా ఈ కుర్చీ నాదే సార్,” అని పైకి వినబడేలా చెప్పింది. “పొయ్యాలనుకుంటే నా మీద పొయ్యండి.”

పైడయ్య ఆమె పక్కకి వచ్చాడు. “మీరు రాకండి, బయటికి వెళ్లండి,” అంది ఆమె. అతను వినిపించుకోలేదు. కాయ పక్కన పెట్టుకుని, అందుబాటులో ఉన్న రాయి తీసి, మొదటి జాకీ కింద కుక్కడం మొదలుపెట్టాడు. బయట ఈశ్వరి అరవై మందికి ఎదురుగా నిలబడి, కింద మనుషులున్నారని, ఎక్కొద్దని గొంతు చించుకుంటోంది. ఎక్కుతున్న కాళ్లు కొన్ని ఆగాయి. కొన్ని ఆగలేదు. నెత్తి మీద పలకలు ఒక్కొక్కటే మూలగడం సత్యశ్రీకి వినిపించింది. భయం వేసింది, అయినా లేవలేదు.

అంతలో సరిగ్గా ఆమె తల మీద, పైన, ఏదో టప్పున పగిలింది. పలకల సందులోంచి రెండు చుక్కలు ఆమె చేతి మీద పడ్డాయి. నాలిక్కి రాసుకుని చూసింది. తియ్యగా ఉన్నాయి.

ఆమె చప్పున పైడయ్య వైపు చూసింది. అతని పక్కన ఉన్న కాయ అలాగే ఉంది. పైన పంపు మోగడం మొదలైంది.